సంచి మార్చే చేతులు ఎవరివి?

(దర్శిలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వృద్ధుల సంరక్షణ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఈ మాట వచ్చినప్పుడల్లా మనం పెన్షన్ గురించీ, కొడుకులు అన్నం పెట్టకపోవడం గురించీ మాట్లాడి ఊరుకుంటాం. ఈ రోజు నేను అంతకంటే ఇబ్బందికరమైన సంగతి ఎత్తుకుంటున్నాను. మతి తప్పిన ఒక ముసలామె. పేగుకు ఆపరేషన్ చేసి ఆమె పొట్టమీద పెట్టిన దారి. ఆ దారికి అంటించిన సంచి. ఆ సంచిలోకి మలం వస్తుంది. దాన్ని రోజూ ఖాళీ చెయ్యాలి, మూడు నాలుగు రోజులకొకసారి మార్చాలి, చుట్టూ చర్మం పుండు పడకుండా చూడాలి. ఆమె మాత్రం అదేమిటో తెలియక గంటకోసారి పీకేస్తుంటుంది. ఈ పని ఎవరు చేస్తున్నారు? ఎవరి కూలి పోగొట్టుకుని చేస్తున్నారు?

హక్కుల సమావేశంలో ఈ మాటలేమిటని కొందరికి అనిపించవచ్చు. 1992లో మన పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడినప్పుడు కూడా, మొగుడు తాగడం ఇంటి సంగతి, దానికి ఊరేగింపులెందుకు అన్నవాళ్ళున్నారు. ఆ ఇంటి సంగతే 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం దాకా వెళ్ళింది. ఇంట్లో పడే చాకిరీని నలుగురిలోకి తెచ్చి లెక్క అడగడం మనకు కొత్త కాదు.

రెండు జబ్బుల సంగతి

ముందు జబ్బుల గురించి తెలుసుకుందాం. తెలియకపోవడం వల్లే సగం హింస జరుగుతోంది.

డిమెన్షియాను మన ఊళ్ళలో చాదస్తం అంటారు, రెండో పసితనం అంటారు, ఇంకా కోపం వస్తే నాటకాలు అంటారు. ఇది మెదడుకు వచ్చే జబ్బు. మొదట నిన్నటి సంగతి గుర్తుండదు, నలభై ఏళ్ళ కిందటిది గుర్తుంటుంది. తర్వాత రోజూ చేసే పని వరస తప్పుతుంది. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం పొయ్యడం మరచిపోతారు. ఇల్లు ఏదో, కూతురు ఎవరో తెలియని దశ వస్తుంది. అల్జీమర్ అనే జర్మన్ వైద్యుడు 1906లో మొదటిసారి ఈ జబ్బును వివరించినప్పుడు ఆయన చెప్పింది ఆగస్టే డేటర్ అనే స్త్రీ గురించే. ఆమె ఆసుపత్రిలో చేరేనాటికి వయసు 51. మన దేశంలో 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో, పట్నాల్లో కంటే పల్లెల్లో ఎక్కువ. కాబట్టి ఇది మన జబ్బు, మన ఊళ్ళ జబ్బు.

ఒక హెచ్చరిక. మతి తప్పినట్లు కనిపించిందల్లా డిమెన్షియా కాదు. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ తగ్గడం, తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకట్టడం - వీటివల్ల కూడా మతి మందగిస్తుంది. వీటికి వైద్యం ఉంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే తిక్కతిక్కగా మాట్లాడుతుంటే మూత్రంలో చీము పట్టడమో, ఒంట్లో నీరు తగ్గడమో, కొత్తగా మింగిన మాత్రో కారణం కావచ్చు. అది వెంటనే చూపించాల్సిన సంగతి.

ఇక ఆస్టమీ. పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ వచ్చినా, పేగు మెలిపడినా, చిల్లు పడినా మలం మామూలు దారిన రాలేదు. అప్పుడు డాక్టర్లు పేగు చివరను పొట్టమీదకు తెచ్చి కుడతారు. పెద్దపేగుదైతే కొలాస్టమీ, చిన్నపేగుదైతే ఇలియాస్టమీ అంటారు. బయటికి కనిపించే ఆ ఎర్రటి కండను స్టోమా అంటారు. కొందరికి కొన్ని నెలలకు మళ్ళీ లోపల కలిపేస్తారు, కొందరికి జీవితాంతం ఉంటుంది. చాలామంది ఈ సంచితోనే పొలం పనికి వెళ్తారు, బస్సెక్కుతారు, పెళ్ళిళ్ళకు వెళ్తారు. అది చూసి అసహ్యించుకోవలసిందేమీ లేదు.

ఈ సంచి ఎలా పుట్టిందో కూడా చెప్తాను. డెన్మార్క్ దేశంలో ఎలీస్ సోరెన్‌సెన్ అనే నర్సు చెల్లెలు థోరాకు ఈ ఆపరేషన్ అయింది. కారిపోతుందనే భయంతో ఆమె ఇల్లు కదలడం మానేసింది. చెల్లెలి బాధ చూడలేక ఎలీస్ 1954లో చర్మానికి అంటుకునే సంచిని ఆలోచించింది. ఈ రోజు ప్రపంచమంతా వాడే సంచికి మూలం అదే. ఒక ఆడమనిషి మరో ఆడమనిషికి చేసిన సేవలోంచి పుట్టిన వస్తువది. అయితే మన ఊళ్ళో అది అందరికీ అందడం లేదు.

రెండూ ఒకే మనిషికి వస్తే

మా మేనత్త సంగతి చెప్తాను. దర్శికి దగ్గర్లోనే, సాగర్ కాలువ కింద వాళ్ళ ఊరు. ఆమెకు 74 ఏళ్ళు, భర్త లేడు. పెద్దకొడుకు వ్యవసాయం, చిన్నకొడుకు హైదరాబాదులో ఉద్యోగం, కూతుర్ని వినుకొండ వైపు ఇచ్చారు. పెద్దపేగులో గడ్డ అని గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించారు. ఇంటికి పంపేటప్పుడు రెండు సంచులు చేతిలో పెట్టారు. ఎలా మార్చాలో ఎవరూ చూపించలేదు. అవి అయిపోయాక దర్శిలో మందుల షాపులన్నీ తిరిగినా దొరక్కపోతే ఒంగోలు నుంచి తెప్పించారు. ఒక్కొక్కటి వందల్లో ఖరీదు. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. ఆ లెక్కన సంచి సంచికీ ఒక పూట కూలో, ఒక రోజు కూలో పోవాల్సిందే. అందుకే చాలా ఇళ్ళలో మామూలు ప్లాస్టిక్ కవరు దారంతో కట్టి, పాత గుడ్డ చుట్టి సరిపెడుతున్నారు. మలం తగిలి చర్మం ఊడిపోతుంది.

ఏడాది తిరిగేలోగా మా అత్తకు మతిమరుపు మొదలైంది. పోయిన మామయ్య ఇంకా అన్నానికి రాలేదేమని అడిగేది. పొట్టమీద ఏదో అంటుకుని ఉందని సంచి పీకేసేది. పీకింది ఎవరికీ కనపడకుండా దిండు కింద, బియ్యం డబ్బా వెనక దాచేది. ఆమెకు ఆపరేషన్ జ్ఞాపకం లేదు. కానీ సిగ్గు మాత్రం పోలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మతి పోయినవాళ్ళకు మానం పోదు.

అక్కడినుంచి పెద్దకోడలు పత్తి తీతకు పోవడం మానేసింది. సంక్రాంతి తర్వాత మిరప కోతలు మొదలైనా కదల్లేకపోయింది. మన ప్రాంతంలో ఆడకూలీకి ఏడాదిలో నాలుగు డబ్బులు కనపడే నెలలవే. ఇంట్లో కంపు వస్తే కోడలు సరిగా చూడటం లేదన్నారు. ఒక రాత్రి విసుక్కుని గట్టిగా కేకేస్తే అత్తను హింస పెడుతోందన్నారు. కొడుకు గురించి ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అతను అరుగు మీద కూచుని అమ్మకిలా అయిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, తల్లంటే ఎంత ప్రేమో అన్నారు.

పనిలో మెళకువలు

ఈ పని నేర్చుకుంటే వచ్చేదే. నేను నేర్చుకున్నవి మీ చెవిన వేస్తున్నాను. మీరు తిరిగే ఊళ్ళలో చెప్పండి.

ఆరోగ్యంగా ఉన్న స్టోమా ఎర్రగా, తడిగా, నోటి లోపలి భాగంలా ఉంటుంది. ముట్టుకుంటే నొప్పి ఉండదు. తుడిచేటప్పుడు ఒకటి రెండు చుక్కలు రక్తం కనిపిస్తే భయపడనక్కర్లేదు. నల్లగానో ఊదాగానో మారితే, రోజంతా ఏమీ రాక పొట్ట ఉబ్బి వాంతులైతే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చెయ్యాలి. సగం దాటితే బరువుకు ఊడివస్తుంది. చుట్టూ చర్మాన్ని గోరువెచ్చని మామూలు నీళ్ళతో తుడిచి, పొడి గుడ్డతో అద్దాలి. డెట్టాలు, స్పిరిటు వద్దు. నూనె, పౌడరు రాస్తే సంచి అంటుకోదు. అంటించే బిళ్ళలో రంధ్రం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దదిగా కత్తిరించాలి. ఎక్కువ కత్తిరిస్తే బయటపడిన చర్మం మీద మలం చేరి ఒరుసుకుపోతుంది. తీసేసిన సంచిని కాగితంలో చుట్టి పారవెయ్యాలి, కాలవలో వెయ్యకూడదు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా ఒక మాట. మిరప కోసిన చేతులతో, కారం పట్టిన చేతులతో స్టోమా దగ్గర ముట్టుకోవద్దు. ఆ చేతుల మంట ఎన్నిసార్లు కడిగినా పోదని మీకు తెలుసు. పుండు పడిన చర్మానికి అది తగిలితే ఆ ముసలామె ఎందుకు అరుస్తోందో ఎవరికీ అర్థం కాదు, ఆమె చెప్పలేదు. కోతకు పోయివచ్చినవాళ్ళు తొడుగులు వేసుకోవాలి, లేదంటే ఆ పూట ఆ పని ఇంకొకళ్ళు చెయ్యాలి. వేసవిలో చెమటకు బిళ్ళ త్వరగా ఊడుతుంది, ముందే ఒకటి రెండు ఎక్కువ తెచ్చి నీడలో ఉంచుకోవాలి. చిన్నపేగు ఆస్టమీ ఉన్నవాళ్ళకు నీళ్ళూ ఉప్పూ ఎక్కువగా పోతాయి. ఎండాకాలంలో ఓ.ఆర్.ఎస్. దగ్గరుండాలి. సంచిలోకి మామూలుకంటే బాగా ఎక్కువ నీళ్ళలా వస్తూ, మూత్రం తగ్గితే డాక్టరుకు చూపించాలి.

మతి తప్పినవాళ్ళ దగ్గర ఇంకొన్ని జాగ్రత్తలు కావాలి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట, వీలైతే ఒకే మనిషి చెయ్యాలి. చేసే ముందు, చేసేటప్పుడు ఒక్కొక్క మాటే మెల్లగా చెప్తూ ఉండాలి. "ఇందాకే చెప్పాను కదా" అనడం వల్ల ప్రయోజనం లేదు, ఆ ఇందాక ఆమెకు లేదు. లోపలిది కనిపించని రంగు సంచి దొరికితే అది మేలు. సంచి మీద మెత్తటి గుడ్డపట్టీ చుట్టి, ముందు గుండీలు లేని జాకెట్టో గౌనో వేస్తే చెయ్యి అంత సులువుగా అటు పోదు. చేతులకు పని ఇవ్వాలి. మా అత్తకు ఒడిలో పత్తి పెట్టి గింజలు తీయమంటే గంటల తరబడి కూచుంటుంది. ఆ వేళ్ళకు అరవై ఏళ్ళ అలవాటు అది, మతి మరచినా వేళ్ళు మరవలేదు. మాటిమాటికీ పీకుతుంటే తిట్టేముందు చర్మం చూడాలి. మంటో దురదో ఉండి ఉంటుంది.

చాకిరీ లెక్క

2019లో జాతీయ గణాంక కార్యాలయం మన దేశంలో ఎవరు దేనికెంత సమయం వెచ్చిస్తారో లెక్క తీసింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్ళు అప్పట్లో రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించేవారు. ఇంట్లో వాళ్ళకు సేవ చెయ్యడం దీనికి వేరే. అందులోనూ ఆడవాళ్ళవి 134 నిమిషాలు, మగవాళ్ళవి 76. మతి తప్పిన మనిషీ, సంచీ రెండూ ఉన్న ఇంట్లో ఈ నిమిషాలు గంటలవుతాయి, రాత్రిళ్ళు కూడా పగళ్ళవుతాయి.

కొడుకుది బాధ్యత, కోడలిది చాకిరీ. చట్టం కూడా ఒకసారి చదివి చూడండి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అంటుంది. ఆ నిర్వచనంలో కోడలు లేదు. చట్టం ప్రకారం బాధ్యత లేని మనిషి మీద ఊరు మొత్తం బాధ్యత పెడుతోంది. అలాగని ఆ చట్టాన్ని చూపించి కోడల్ని ఇంట్లోంచి గెంటే ప్రయత్నాలూ జరిగాయి. 2020 డిసెంబరులో ఎస్. వనిత కేసులో సుప్రీంకోర్టు, గృహహింస చట్టం ఉమ్మడి నివాసంలో కోడలికిచ్చిన హక్కును వృద్ధుల చట్టం పేరుతో తీసివెయ్యకూడదని చెప్పింది. అత్త హక్కునూ కోడలి హక్కునూ ఒకదానిమీదకు ఒకటి ఉసిగొల్పి మధ్యలో కొడుకు తప్పుకునే ఆట మనకు తెలుసు. మనం ఆ ఆటలో పావులం కాకూడదు.

కూతుళ్ళ గురించి కూడా చెప్పాలి. మన రాష్ట్రం 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా ఇచ్చింది. 2005లో దేశమంతా వచ్చింది. కూతురు వాటా అడిగితే పుట్టింటి గడప తొక్కవద్దనే అన్నదమ్ములు, తల్లి మంచాన పడగానే "అమ్మకు నువ్వే కావాలి, రా" అని కబురు పెడతారు. తల్లిని చూడటం కూతురి బాధ్యత కూడా, నేను కాదనను. కానీ వాటా గురించిన మాటా సేవ గురించిన మాటా ఒకే రోజు, ఒకే గదిలో జరగాలి.

మా అత్త ఇంట్లో అదే చేశాం. అందరినీ కూచోబెట్టి, పిల్లవాడి నోటుపుస్తకంలో పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా ఉన్న పనులన్నీ రాయించాం. సంచి ఖాళీ చెయ్యడం, మార్చడం, స్నానం, తినిపించడం, బట్టలు, మందులు, రాత్రి కాపలా, ఒంగోలు ప్రయాణం. ప్రతి పనికీ ఎదురుగా ఎవరు, ఎంతసేపు అని. ఒక పేజీ నిండా కోడలి పేరే వచ్చింది. ఎవరూ ఎవరినీ తిట్టనక్కర్లేకపోయింది, ఆ పేజీ చూసి అందరూ కాసేపు మాట్లాడలేదు. చివరికి చిన్నకొడుకు సంచుల ఖర్చు, కోతల కాలంలో సాయం మనిషి కూలి భరించేట్టు, కూతురు నెలకు వారం రోజులు వచ్చి ఉండేట్టు, పెద్దకొడుకు రాత్రి కాపలా, పొద్దున సంచి పని చూసుకునేట్టు ఒప్పుకున్నారు.

అది సాఫీగా జరిగిందని చెప్పను. కొడుకు చెయ్యి వేస్తే అత్త చీర గట్టిగా పట్టుకుని ఏడ్చింది. మగవాడు ముట్టుకుంటున్నాడని. అప్పుడు దుప్పటి కప్పి, కిందినుంచి సంచి మూత మాత్రం తీసి ఖాళీ చెయ్యడం అతనికి నేర్పాం. బిళ్ళ మార్చడం ఆడవాళ్ళే చేస్తారు. దానికి బదులు బట్టలుతకడం, వంట, పారవేత అతని వంతయ్యాయి. ఆమె సిగ్గును గౌరవించాలి. ఆ సిగ్గును అడ్డుపెట్టుకుని మగవాళ్ళు మొత్తం పనినుంచే తప్పుకుంటే మాత్రం ఒప్పుకోకూడదు. ఇప్పుడు కోడలు కోతలకు పోతోంది. సగం రోజులే. అయినా పోతోంది.

డబ్బిచ్చి పెట్టుకునే మనిషి

ఆ ఇంట్లో కోతల కాలానికి సాయంగా కుదిరినామె మాదిగపల్లె నుంచి వచ్చింది. మొదటి రోజే ఆమెకు గ్లాసు వేరే పెట్టారు. మలం కడగడానికి ఆమె చెయ్యి కావాలి, ఆ చేతిలో పెట్టే గ్లాసు మాత్రం వేరుగా ఉండాలి! కూలి సంగతి "ఎంతో కొంత ఇస్తాంలే" అన్నారు. మన ఇళ్ళలో ఆడవాళ్ళ చాకిరీని తగ్గించడమంటే దాన్ని ఇంకో ఆడమనిషి మీదకు, అందులోనూ దళిత స్త్రీ మీదకు తోసెయ్యడం కాదు కదా. గ్లాసు విషయం అక్కడికక్కడే తేల్చాం. కూలి విషయంలో మనం ఒక మాట మీద నిలబడాలి. ఆ రోజు కోతకు పోతే ఎంత వస్తుందో అంతకు తక్కువ ఇవ్వకూడదు. పని గంటలు ముందే చెప్పాలి. వారానికొక రోజు సెలవు. తొడుగులు, సబ్బు ఇంటివాళ్ళే ఇవ్వాలి. పని నేర్పాలి, నేర్చుకున్న పనికి విలువ కట్టాలి. ఇది పాకీపని కాదు, నర్సు పనిలో ఒక భాగం.

ఆ ముసలామె హక్కులు

సేవ చేసేవాళ్ళ గురించి ఇంతసేపు మాట్లాడాను. సేవ పొందే ఆమెకు కూడా హక్కులున్నాయి. ఆమెకు నోరు లేదు కాబట్టి ఇంకా గట్టిగా చెప్పాలి.

సంచి త్వరగా నిండుతుందని అన్నం తగ్గించడం, నీళ్ళు ఇవ్వకపోవడం కొన్ని ఇళ్ళలో జరుగుతోంది. ఎవరూ కొట్టరు, తిట్టరు. ఒక పూట గంజి పోసి ఊరుకుంటారు. నీరు తగ్గితే మతి ఇంకా తప్పుతుంది, మతి తప్పిందని ఇంకా తగ్గిస్తారు. దీన్ని హింస అనే పిలవాలి. సంచి పీకకుండా చేతులు మంచానికి కట్టెయ్యడం కూడా అంతే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. అదే చట్టం, మతి బాగున్నప్పుడే తన వైద్యం ఎలా జరగాలో రాసిపెట్టుకునే హక్కు, తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకునే హక్కు ఇచ్చింది. జబ్బు మొదట్లోనే ఆమెను అడగాలి: "అత్తయ్యా, మీ దగ్గర ఎవరుంటే మీకు బాగుంటుంది?" అని. చాలా ఇళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

ఇక వేలిముద్రలు. ఎకరమో అరెకరమో ఆమె పేరున ఉంటే, మతి తప్పాక రిజిస్ట్రారు ఆఫీసుకు ఎత్తుకుపోయి వేలిముద్ర వేయిస్తారు. మంచి చెడు గ్రహించి నిర్ణయించుకోలేని స్థితిలో చేసిన ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారమే చెల్లదు. మతి స్థిమితంగా ఉన్నప్పుడు రాసిన దానపత్రం విషయంలో 2007 చట్టం 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటారనే షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే ట్రిబ్యునల్ రద్దు చెయ్యవచ్చు. ఆ షరతు ఉన్నట్టు రుజువు కావాలని 2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో తల్లిని చూడని కొడుక్కి రాసిన దానపత్రాన్ని రద్దు చేసింది. కాబట్టి ఊళ్ళలో మనం చెప్పవలసింది ఒకటే: ఆస్తి రాయకండి, రాస్తే "నన్ను చూసుకోవాలి" అన్న షరతు కాగితం మీద రాయించండి.

పోషణ కోసం ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్‌కు తెల్లకాగితం మీద అర్జీ పెట్టుకోవచ్చు. నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి. ఆమె పెట్టలేకపోతే ఆమె తరఫున ఆమె అధికారమిచ్చిన మనిషో, సంస్థో పెట్టవచ్చు. ట్రిబ్యునల్ తనంతట తానే కూడా తీసుకోవచ్చు. వృద్ధుల్ని వదిలేసి పోతే 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా. స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ప్రకారం హక్కు. ఆ ఫోను నంబరు 15100. వృద్ధుల సహాయానికి 14567, మానసిక సమస్యలకు 14416. ఈ మూడు నంబర్లూ మీ పుస్తకాల్లో రాసుకోండి.

ప్రభుత్వం ఎక్కడుంది?

ఆపరేషన్‌కు ప్రభుత్వ పథకం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు దాటినవాళ్ళందరికీ కేంద్రం ఆయుష్మాన్ కార్డు ఇస్తోంది. ఇవన్నీ ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు చుట్టూ అల్లినవి. ఇంటికొచ్చాక ఏళ్ళ తరబడి కొనాల్సిన సంచుల మాట ఎవరూ ఎత్తరు. పొట్టకు దారి పెట్టడానికి డబ్బిచ్చి, ఆ దారికి సంచి ఇవ్వకపోవడం ఏమి న్యాయం? 2024 జూలై నుంచి వృద్ధాప్య పెన్షన్ నెలకు 4,000 రూపాయలైంది, వికలాంగుల పెన్షన్ 6,000. అయితే 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో మానసిక అనారోగ్యం, దీర్ఘకాలిక నరాల జబ్బులు ఉన్నాయి గానీ ఆస్టమీ పేరు లేదు.

చెయ్యడానికి వీలులేని పనులేమీ మనం అడగడం లేదు. కేరళలో 1993లో కోళిక్కోడులో కొందరు డాక్టర్లు, ఊరివాళ్ళు కలిసి మంచాన పడ్డవాళ్ళను ఇంటికెళ్ళి చూసే పని మొదలుపెట్టారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దాన్ని విధానంగా ప్రకటించింది. పంచాయతీలే నర్సును పెట్టి ఇళ్ళకు పంపుతున్నాయి. అదే కేరళలో 1992లో మొదలైన అల్జీమర్స్ సంఘానికి హైదరాబాదులో శాఖ ఉంది. మన దగ్గర ఆశా కార్యకర్తలున్నారు, ఏ.ఎన్.ఎం.లున్నారు, ప్రతి పొదుపు సంఘంలో పదిమంది ఆడవాళ్ళున్నారు. లేనిది నేర్పించే ఏర్పాటు, ఇచ్చే సరుకు. అయితే ఆశాలకు ఇప్పటికే తలకు మించిన పని ఉంది. ఈ పని కూడా చేయించుకుంటే దానికి వేరే డబ్బివ్వాలి. ఊరికే సేవ అనకూడదు.

మన ముందున్న పనులు

ఈ సమావేశం తరఫున కొన్ని డిమాండ్లు ప్రతిపాదిస్తున్నాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా ఆస్టమీ సంచులు ఉచితంగా ఇవ్వాలి. ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో సంచి పని నేర్పే నర్సు ఉండాలి, ఆపరేషన్ అయినవాళ్ళ ఇంటినుంచి ఇద్దరికి, అందులో ఒక మగవాడికి, నేర్పకుండా ఇంటికి పంపకూడదు. పత్తి తీత, మిరప కోతల నెలల్లో పసిపిల్లలకు అంగన్‌వాడీ ఉన్నట్టే వృద్ధులకు పగటిపూట ఉండే చోటు ప్రతి పెద్ద ఊళ్ళో కావాలి. వైకల్యాల జాబితాలో ఆస్టమీని చేర్చాలి. సేవ చెయ్యడం కోసం కూలి మానుకునే మనిషికి భత్యం ఇవ్వాలి.

డిమాండ్లు నెరవేరేదాకా ఆగనక్కర్లేని పనులు కూడా ఉన్నాయి. మీ ఊళ్ళో సంచితో బతుకుతున్నవాళ్ళు, మతి తప్పినవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఈ మూడు నెలల్లో లెక్క తియ్యండి. పేర్లు బయటపెట్టకండి, లెక్క తెండి. పది ఇళ్ళకు కలిపి సంచులు ఒకేసారి తెప్పిస్తే ఒంగోలు ప్రయాణాలైనా తగ్గుతాయి. ఆ ఇళ్ళకు వెళ్ళినప్పుడు కోడల్ని పక్కకు పిలిచి "నువ్వు ఎన్ని గంటలు నిద్రపోతున్నావమ్మా" అని అడగండి. తర్వాత ముసలామె దగ్గర కూచుని నీళ్ళు తాగిందో లేదో చూడండి. ఆ ఇంటి మగవాళ్ళు అరుగు మీద ఉంటే లోపలికి పిలవండి. నోటుపుస్తకం ఒకటి తీసి పనులన్నీ రాయించండి, ఎవరి పేరు ఎక్కడుందో వాళ్ళచేతే చదివించండి.

వచ్చే సమావేశానికి ఆ లెక్కలతో రండి. వాటిని పట్టుకుని కలెక్టరు దగ్గరకు వెళ్దాం. సెలవు.